కదలని పిలుపు

విచారణ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక్క అబద్ధం కూడా లేదు. నా కోపానికి కారణం అదే. అబద్ధాన్నయితే సాక్ష్యం చూపి ఖండించవచ్చు. నిజాలనే ఏరి, వరసగా పేర్చి, ఒక కుటుంబానికి జరిగిన అన్యాయానికి లోకంలో ఎవరూ బాధ్యులు కారని తేల్చినప్పుడు దేన్ని పట్టుకుని ఖండించాలి? భౌతికశాస్త్రం బోధించినంత కాలమూ రుజువును గౌరవించమనే విద్యార్థులకు చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను. అయితే రుజువు పేరుతో మనుషులు ఏం చేయగలరో జాజిలోవకు వెళ్లేదాకా నాకు తెలియదు.

మారేడుమిల్లి దాటాక కనుమదారిలో తారు రోడ్డు ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి వాగులూ బండరాళ్లూ దాటుకుంటూ జీపు పోగలిగినంత దూరం పోతే జాజిలోవ. మూడు వైపులా కొండలు, నడుమ నేల మీద ఎండ పొడ పడని వర్షారణ్యం. పైవాలులో కొండరెడ్ల ఊరు ఉంది. దానికి దిగువన, వాగు ఒడ్డున, ఎత్తయిన స్తంభాల మీద కట్టిన చెక్క విడిది. విడిదికి ముందు వైపు విశాలమైన మంచె. అతిథులు దాని మీద కూర్చుని వన్యప్రాణులను చూస్తారు. వెనక గదుల్లో పరిశోధన జరుగుతుంది. ఆ పరిశోధన మా తమ్ముడి కూతురు సుమేధది. "నమ్మకపోతే నమ్మకపో పెదనాన్నా, ఒకసారి వచ్చి చూసి పో" అని పిలిస్తే చలికాలంలో వెళ్లాను.

అటువంటి అడవిలో పొద పక్కన అడవిదున్న నిలబడి ఉన్నా మనకు ఆకులే కనబడతాయి. జంతువులను చూడాలని వచ్చినవాళ్లు మామూలుగా జలగలను చూసుకుని తిరిగిపోతారు. జాజిలోవలో అలా కాదు. మొదటి ఉదయం, టీ కప్పులు చేతికి వచ్చేసరికి ఎదుటి చిత్తడి నేల మీదికి కణితి జింక ఒకటి పిల్లతో సహా నడిచి వచ్చింది. తలపైన మర్రిజాతి చెట్టులో పెద్ద ఉడుతలు దిగాయి. కొమ్ముముక్కు పక్షుల జంట ఒకటి రెక్కల హోరుతో వచ్చి వాలింది. ఆ తర్వాత అడవిదున్నల మంద, పెళ్లివారు విడిదిలోకి వచ్చినంత తీరిగ్గా, వాగు దిగింది.

"మృగాలు వేళ తప్పవండీ. వేళ తప్పేది మా వంటవాళ్లే" అని అతిథులను నవ్వించాడు డైరెక్టర్ చక్రధర్. మనిషి మర్యాదస్తుడు, మాటకారి.

నాకు అనుమానం వచ్చింది. "ఉప్పు చల్లుతున్నారా?" అని సుమేధను పక్కకు పిలిచి అడిగాను.

"మేత పెట్టి రప్పిస్తే దాన్ని పరిశోధన అనరు పెదనాన్నా" అని నవ్వి, ఒక చెట్టు బోదె మీద బెరడు రంగులో ఉన్న పెట్టెను చూపించింది. లోవ అంతటా చెట్లకు అలాంటివి బిగించారట. అవి వింటాయి, పలుకుతాయి. వాటన్నిటినీ నడిపే యంత్రానికి చక్రధర్ 'ఆహ్వాని' అని పేరు పెట్టాడు. "చెట్టు పండినప్పుడు పక్షులు చేసే గోల వినిపిస్తే ఉడుతలు వస్తాయి. ఏ శబ్దానికి ఏది కదులుతుందో దానంతట అదే ప్రయత్నించి నేర్చుకుంటుంది. నేను దానికి చెప్పింది ఒక్కటే, జంతువులు మంచె ముందుకు రావాలి. ఎలాగన్నది దానిష్టం."

ఈ అడవిలో జంతువులను లెక్కించడానికి వేరే దారి లేక ఆమె ఆ పని మొదలుపెట్టింది. ఏ జాతి తగ్గిపోతోందో తెలియకుండా ఏ జాతినీ కాపాడలేమన్నది ఆమె బాధ. ఆ బాధ నిజమైనది. దాన్ని ఉదయపు వినోదంగా మార్చింది సంస్థ.

ఒకనాడు అందరం మంచె మీద ఉన్నాం. వంటింట్లో పనిచేసే సింగారమ్మ పకోడీల పళ్లెం పట్టుకుని వచ్చింది. ఎడమవైపు కొండవాలు నుంచి ఒక కూత వినబడింది. మాట కాదు. సన్నగా లేచి, మధ్యలో విరిగి, మళ్లీ పైకి సాగే కేక. సింగారమ్మ పళ్లెం పిట్టగోడ మీద పెట్టేసి, నోటికి అరచెయ్యి అడ్డుపెట్టి, అంతకంటే గట్టిగా బదులు కూత వేసింది. వాగులో దున్నలు ఒక్క ఉదుటున అడవిలో కలిసిపోయాయి.

చక్రధర్ ముఖం ఎర్రబడింది. "ఏమిటమ్మా ఇది? ఇది విడిదా, సంతా?"

"మా ఆయన పిలుత్తన్నాడండి. పలక్కపోతే ఎట్టాగండి?"

"ఏటే, ఎవుడికి పలుకుతున్నావు?" అంటూ వంటింటి వైపు నుంచి ఒక మనిషి వచ్చాడు. భుజం మీద వెదురు బొంగులు ఉన్నాయి, అతిథుల బొంగు చికెన్ కోసం. అతడే ఆమె భర్త, కత్తుల పండురెడ్డి.

సింగారమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వే కదా పిలిచావు!"

"నేనిక్కడుంటే అక్కడెవుడే పిలిచేది?"

అంతలో కొండవాలు నుంచి అదే కూత మళ్లీ వచ్చింది. పండురెడ్డి భుజం మీది బొంగులు జారి కింద పడ్డాయి. "నా గొంతే" అన్నాడు, తన గొంతు తడుముకుంటూ. అతిథులు చప్పట్లు కొట్టి నవ్వారు. సుమేధ మాత్రం నవ్వకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

నేనూ ఆమె వెనకే వెళ్లాను. తెర మీద లోవ పటం ఉంది. దున్నల మంద నడిచిన దారి ఒక గీతలా కనబడుతోంది. ఆ గీత వెనకవైపున, ఒకదాని తర్వాత ఒకటి వెలిగిన పెట్టెలు ఉన్నాయి. చాలాసేపు చూసి ఆమె అంది:

"పెదనాన్నా, ఇది పిలవడం లేదు. తోలుతోంది."

ముందునుంచి మేత చప్పుడు, వెనకనుంచి మనిషి చప్పుడు. యంత్రం కనిపెట్టింది ఇదే. ఊరికే కేకలు వినిపిస్తే మృగాలు కొద్దిరోజులకు లెక్కచేయడం మానేస్తాయి. నిజంగా ఆ వాలులో తిరిగే మనిషి గొంతును, అతడు తిరిగే చోటనే వినిపిస్తే లెక్కచేస్తాయి. అందుకని ఊళ్లో ఒక్కొక్కరి గొంతూ విని పట్టుకుంది.

"జమీందార్లు వేటకొచ్చినప్పుడు జనాన్ని వరసగా నిలబెట్టి, డప్పులు కొట్టించి మృగాలను మంచె ముందుకు తోలించేవాళ్లు. నీ యంత్రం ఆ పనే మళ్లీ కనిపెట్టింది" అన్నాను.

"నేను నేర్పలేదు పెదనాన్నా."

"వద్దనీ చెప్పలేదుగా."

ఆ ఊరివాళ్లకు కూత అంటే ఏమిటో నాకు సింగారమ్మ చెప్పింది. ఇంటికొక కూత. కొత్తకోడలు వస్తే అత్తగారు మొదట నేర్పేది వంట కాదు, కొండవాలు మీదికి తీసుకెళ్లి ఇంటి కూత నేర్పుతుంది. అడవిలో ఎవరైనా కూత వేస్తే, విన్నవాళ్లు తమ ఇంటి కూతతో పలకాలి. పలికాక వెళ్లాలి. వాళ్లతో మాటలు లేకపోయినా, పొలం గట్టు తగాదా ఉన్నా సరే. చాలాసార్లు కారణం చిన్నదే. మోపు తలకెత్తాలి, మేక కనబడటం లేదు, చీకటి పడకముందే ఇంటికి రా. ఒక్కోసారి పాము కాటు. చిన్నదో పెద్దదో వెళ్తేనే తెలుస్తుంది కాబట్టి వెళ్తారు. ఫోను అందని ఆ లోవలో మనుషుల ప్రాణాలు ఆ ఒక్క కట్టుబాటును నమ్ముకుని ఉన్నాయి.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ డైరెక్టర్ గదికి వచ్చారు. సుమేధ, నేను అక్కడే ఉన్నాం.

"మా కూతలు మీ మిసన్లోంచి తీసెయ్యండి. ఇంకేమీ వద్దు" అంది సింగారమ్మ.

"శబ్దం ఎవరి సొంతమూ కాదమ్మా. గాలిలో ఉన్నది ఎవరైనా వినొచ్చు" అన్నాడు చక్రధర్, ఎంతో మృదువుగా.

"వినండి. వద్దన్నామా? మళ్లీ మా మీదికే ఎందుకండి ఇసిరేత్తారు? నిన్న మా పక్కింటి పిల్ల చెల్లాయి వాగు దాటి, కొండెక్కి, వాళ్లమ్మ పిలిచిందని ఎల్లింది. అక్కడ చెట్టుందండి. ఉత్త చెట్టు."

సుమేధ కల్పించుకుంది. "సార్, ఆ కూతలను విడిగా తీయడం కుదరదు. మొత్తం మళ్లీ మొదటినుంచి నేర్పాలి. అప్పటిదాకా ఆపేద్దాం."

"సీజన్ మధ్యలోనా? త్వరలో పరీక్షకుల బృందం వస్తోంది. వాళ్లు ఒప్పుకుంటే ఇంకో నాలుగు అడవులకు వెళ్తుంది ఆహ్వాని. అప్పుడు ఆపుతావా?" గొంతు తగ్గించి, మాకు మాత్రమే వినబడుతుందనుకుని, ఇంకో మాట కలిపాడు. "కొండదేవర గొంతని చెప్పించండి. వాళ్లే సర్దుకుంటారు."

శాస్త్రసంస్థను నడిపే మనిషి నోట ఆ మాట విని నేను నిర్ఘాంతపోయాను. దేవరను నమ్మేవాణ్ని నేను క్షమించగలను. తాను నమ్మని దేవరను ఎదుటివాడి నెత్తిన పెట్టేవాణ్ని ఎలా క్షమించాలి?

పండురెడ్డికి వినబడనే వినబడింది. "దేవరకి మా ఇంటి కూతెందుకండీ? ఆయనకి సొంత కూత లేదా?" అన్నాడు. చక్రధర్ తప్ప అందరం నవ్వాం. కానీ యంత్రం ఆగలేదు.

బయటికి వచ్చాక సుమేధ వాళ్లిద్దరినీ ఆపింది. తన చేతిలో ఉన్నంతలో ఏదో ఒకటి చేయాలని ఆరాటపడింది. "వదినా, ఈ సీజన్ అయ్యేదాకా ఒక పని చెయ్యండి. పెట్టెలు చెట్లకు బిగించి ఉన్నాయి, అవి నడవలేవు. కూత వినబడితే కాస్త ఆగండి. రెండోసారి, మూడోసారి కూడా అదే చోటు నుంచి వస్తే అది మిషను. చోటు మారితే మనిషి. మీరు పిలిచేటప్పుడు నడుస్తూ పిలవండి."

సులువైన పరీక్ష. ఎవరైనా చేయగలిగినది. నాకూ సబబుగానే తోచింది. అది వ్యాపించినంత వేగంగా మరే వార్తా ఆ లోవలో వ్యాపించి ఉండదు. కొండవాలు పోడు చేలల్లో పనిచేసేవాళ్లు కూత వినబడగానే కొడవలి ఆపి చెవులు రిక్కించేవారు. "కదిలిందా?" "కదల్లేదు." మళ్లీ పనిలో పడేవారు. దాని మీద హాస్యాలు కూడా పుట్టాయి.

"పిలుత్తా నడవాలంట, నడుత్తా పిలవాలంట. పెళ్లినాడు కూడా మా ఆయన ఇన్ని తిప్పలు పడలేదమ్మా" అని సింగారమ్మ నవ్వేది.

"నువ్వొక్కసారి పలికితే ఇన్ని తిప్పలెందుకే? రాయి పెట్టి కొట్టినా పలకవు" అనేవాడు పండురెడ్డి.

వారానికని వెళ్లినవాణ్ని సుమేధ కోసం ఉండిపోయాను. ఆమె పగలంతా కొత్త నమూనాతో కుస్తీ పడుతూ, కూతలు లేని ఆహ్వానిని తయారుచేయాలని చూస్తోంది. ఈలోగా పరీక్షకులు వచ్చారు. వారు శాస్త్రీయంగానే అడిగారు. యంత్రం నడుస్తున్నప్పుడు ఎన్ని జంతువులు వస్తున్నాయో చూశాం, ఆపితే ఎన్ని వస్తాయో కూడా చూడాలి, అప్పుడే తేడా తెలుస్తుంది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ మాట నేనే అని ఉండేవాణ్ని. ఆపుతున్న సంగతి ఊరికి తెలిస్తే జనం కదలికలు మారి ఫలితం పాడవుతుంది కాబట్టి ఎవరికీ చెప్పవద్దన్నాడు చక్రధర్. సుమేధ నాకు కూడా చెప్పలేదు. అంత నిజాయితీగా ప్రయోగం చేసింది.

ఆ రోజు ఉదయం నేను వంటింటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. సింగారమ్మ వెదురు మొలకల పొట్టు తీస్తోంది. ఎడమవాలు నుంచి పండురెడ్డి కూత వినబడింది.

ఆమె చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ కూత. అదే చోటు. ఇంకోసారి. అదే చోటు.

"కదల్లేదండి మాస్టారూ" అని ఆమె పని అందుకుంది.

కూత ఆగలేదు. మధ్యాహ్నానికి అది కాస్త బొంగురుపోయింది. "రోజురోజుకీ బాగా నేర్చుకుంటాందండి మీ మిసను. నిన్నటికంటే ఇయాల అచ్చం మా ఆయనే" అంది. ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్లింది. చెయ్యి నోటి దాకా తీసుకెళ్లింది. తలతిప్పి నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. పైన పోడులో పనిచేస్తున్నవాళ్లు కూడా కొడవళ్లు ఆపి విన్నారు, చోటు మారలేదని చూసుకున్నారు, మళ్లీ వంగారు.

పొద్దుటినుంచి వెనక గదిలో తలుపు మూసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాత రికార్డులతో పనిచేస్తున్న సుమేధ ఎండ వాలే వేళకు టీ కోసం వచ్చింది. ముఖంలో అలసట ఉంది, దానితోపాటు ఒక తేలికదనం.

"ఒక్క జంతువూ రాలేదు పెదనాన్నా. ఫలితం చాలా స్పష్టంగా వచ్చింది."

"రాకపోతేనేమమ్మా, పొద్దుట్నించి మా ఆయన గొంతుతో అరుత్తానే ఉందిగా" అంది సింగారమ్మ.

సుమేధ చేతిలో కప్పు అక్కడే ఆగింది. "ఏది?"

"మీ మిసనే."

"వదినా... ఇవాళ మిషను ఆపేశాం."

సింగారమ్మ లేచింది. మొలకల బుట్ట కాలికి తగిలి దొర్లింది. మేము మెట్లు దిగేసరికి ఆమె వాగు దాటేసింది. పరుగెత్తుతూనే ఇంటి కూత వేస్తోంది, ఆపకుండా వేస్తోంది. పైన పోడులోని వాళ్లకు అది కదిలే కూత కాబట్టి వెంటనే దిగి వచ్చారు. ఎడమవాలు నుంచి మాత్రం బదులు రాలేదు.

జీలుగు చెట్టు మొదట్లో పడి ఉన్నాడు పండురెడ్డి. కల్లు దింపడానికి ఎక్కిన వెదురుగడ మంచుకు తడిసి ఉంది, కాలు జారింది. తుంటి విరిగింది. గజం దూరం కూడా పాకలేకపోయాడు. తుంటి విరిగినవాడు నడుస్తూ ఎలా పిలుస్తాడు? అంత చిన్న సంగతి పరీక్ష చెప్పిన సుమేధకు తట్టలేదు. బాగుందనుకున్న నాకూ తట్టలేదు. కూత అవసరమయ్యేదే కదల్లేనివాడికని మా ఇద్దరికీ స్ఫురించలేదు.

అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. భార్య ముఖం చూసి ఒక్కటే అడిగాడు.

"ఇన్నావా?"

"ఇన్నాను."

ఊరివాళ్లు దుప్పటిని గడకు కట్టి డోలీ చేసి జీపు దాకా మోసుకెళ్లారు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. రోజంతా అలా పడి ఉండకపోతే కాలు కూడా నిలబెట్టగలిగేవాళ్లమని డాక్టరు అన్నాడు. ఇక అతడు చెట్టెక్కలేడు, కర్ర లేకుండా నడవలేడు.

సంస్థ విచారణ సంఘాన్ని వేసింది. అదే మంచె మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అధ్యక్షుడు పేరున్న శాస్త్రవేత్త, నెమ్మదస్తుడు.

"ప్రమాదం జరిగిననాడు యంత్రం నడుస్తోందా?"

"లేదు" అంది సుమేధ.

"ఏదైనా శబ్దం చేసిందా?"

"లేదు. కానీ అంతకుముందు రోజులన్నీ..."

"ఆ రోజు సంగతి అడుగుతున్నాను. అతడు పడిపోవడానికి యంత్రం కారణమా?"

"కాదు."

తర్వాత సింగారమ్మను పిలిచారు. "మీ భర్త కేకలు మీకు వినబడ్డాయా?"

"వినబడ్డాయండి."

"గుర్తుపట్టారా?"

"పట్టానండి."

"మరి ఎందుకు వెళ్లలేదు?"

"కదల్లేదండి."

అధ్యక్షుడు పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు రాసుకున్నాడు. నేను ఇక కూర్చోలేకపోయాను. "ఏడాదంతా నకిలీ మందు అమ్మినవాడున్నాడనుకోండి. అసలు మందును కూడా నమ్మలేక ఒక రోగి దాన్ని పారబోసి చనిపోయాడు. ఆ రోజు నా దుకాణం మూసే ఉందని అమ్మినవాడు అంటే మీరు వదిలేస్తారా?" అన్నాను.

"ఉపమానాలు సాక్ష్యం కావు మాస్టారూ" అన్నాడాయన, గౌరవంగానే. తరగతి గదిలో నేను ఎన్నోసార్లు అన్న మాట అది.

నివేదిక వచ్చింది. ప్రమాద సమయంలో యంత్రం నిలిపివేయబడి ఉంది. నిజం. బాధితుడు కల్లు దింపే ప్రయత్నంలో జారిపడ్డాడు. నిజం. అతని భార్య కేకలు విని కూడా స్పందించలేదు. నిజం. కావున ప్రమాదానికీ యంత్రానికీ సంబంధం లేదు.

అందులో లేనిది ఒకటుంది. ఆ రోజు మంచె మీద కూర్చున్న పరీక్షకులు కూడా ఆ కేకలను విన్నారు. యంత్రం ఆగి ఉందని వాళ్లకు తెలుసు. ఆ లోవలో ఆ ఉదయం అది మనిషి గొంతేనని ఎటువంటి సందేహమూ లేకుండా తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లు దాన్ని 'ఎడమవాలులో మానవ అలజడి' అని నమోదు చేసుకుని, జంతువులు రాకపోవడానికి అదొక కారణం కావచ్చునని చర్చించుకున్నారు. ఈ సంగతి సుమేధ సంఘం ముందు పెట్టింది. ప్రమాద కారణానికి సంబంధించినది కాదని పక్కన పెట్టారు. అబద్ధం ఆడకుండా ఉండటానికి ఈ దేశంలో ఎంత చదువు కావాలో నాకు ఆ రోజు అర్థమైంది.

సుమేధ ఉద్యోగం వదిలేసింది. వదిలేముందు యంత్రం జాజిలోవలో నేర్చుకున్నదంతా, కూతలతో సహా, చెరిపేసింది. ఊరివాళ్లతో కలిసి అడవంతా తిరిగి పెట్టెలన్నీ విప్పింది. ఆహ్వానిని ఆపడం మాత్రం ఆమె చేతుల్లో లేదు. అది వేరే రాష్ట్రంలో వేరే అడవికి వెళ్లింది. అక్కడి మనుషుల గొంతులను ఈపాటికి వింటూనే ఉంటుంది.

ఊరు వదిలే ముందు సుమేధ, నేను పండురెడ్డి ఇంటికి వెళ్లాం. అతడు అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఇరుగుపొరుగు పోగయ్యారు. పండురెడ్డికి మంచినీళ్లు కావలసివచ్చింది. లోపలున్న భార్యను నోరు తెరిచి పిలవలేదు. కర్రతో గుమ్మాన్ని తట్టాడు. సింగారమ్మ చెంబు తెచ్చి ఇచ్చి, తలవంచుకుని పక్కన నిలబడింది. నవ్వుతూ తగవులాడుకునే ఆ దంపతులేనా అనిపించింది.

"అన్నీ తీసేశాం అన్నా. ఒక్క పెట్టె కూడా లేదు. ఇకమీదట మీరు మునుపటిలాగే పిలుచుకోవచ్చు" అంది సుమేధ.

పండురెడ్డికి ఆమె మీద కోపం ఉన్నట్టు లేదు. ఆలోచిస్తూ అన్నాడు. "లేదంటన్నావు. సరేనమ్మా. నువ్వబద్ధమాడవు. కానీ రేపెవుడైనా కూతేసినప్పుడు మా చెవికెట్టా తెలుత్తాది?"

సుమేధ ఏదో చెప్పబోయింది. అప్పుడే కుడివాలు మీది నుంచి కూత వినబడింది.

అందరూ బిగుసుకుపోయారు. ఎవరూ బదులు కూత వేయలేదు. కూత మళ్లీ వచ్చింది. అదే చోటు. చూపులన్నీ సుమేధ మీదికి తిరిగాయి.

"సెప్పమ్మా" అన్నాడు పండురెడ్డి. "మనిసా, మిసనా?"

ప్రతి పెట్టెనూ తన చేత్తో విప్పిన మనిషి ఆమె. యంత్రం ఆ లోవలోనే లేదని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఆమె నోట 'మనిషి' అన్న మాట రాలేదు. కొంగు నడుముకు బిగించి, వాలు ఎక్కుతూ పరుగు తీసింది. సింగారమ్మ ఆమె వెనక, ఊరంతా సింగారమ్మ వెనక, కట్టకడపట రొప్పుతూ నేను.

వాలు మీద సింగారమ్మ పక్కింటి చెల్లాయి నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర అడ్డాకుల మోపు ఉంది. ఊరు ఊరంతా తన మీదికి పరుగెత్తి రావడం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమైంది? ఎవురికేమైంది?"

అందరూ రొప్పుతున్నారు.

"మోపెత్తడానికి పిలిచాను. మిసను తీసేశారన్నారని పిలిచాను" అంది చెల్లాయి, ఏడుపు గొంతుతో. "ఒకరు పలికి, ఒకరొత్తే సాలదా?"

సింగారమ్మ వంగి మోపుకు ఒక వైపు చెయ్యి వేసింది. రెండో వైపు సుమేధ పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని చెల్లాయి తలకెత్తారు.